రెబెక్కా ఉపవాసం

ఆ ఏడాది, ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాల్లో మా ఇంట్లో అందరికంటే ముందు ఉపవాసం పట్టింది ఎనిమిదేళ్ళ నా కూతురు. భస్మ బుధవారం పొద్దున నేను ఇడ్లీలు పెట్టిన పళ్ళేన్ని రెండు చేతులతో నా వైపు తోసేసి, "నేను కూడా నానమ్మలాగా ఉపవాసం," అంది రెబెక్కా.

వసారాలో లేసు అల్లుతున్న మా అత్తగారు ఏసమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"ఏంటన్నావు తల్లీ? మళ్ళీ అను."

"సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా ఏం తినను నానమ్మా."

"మంచినీళ్ళన్నా తాగుతావా?"

"నీళ్ళు కూడా వద్దు."

ఆవిడ దారపుండ పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి, పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. మా ఆయన విజయ్ పాల్ ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళడానికి బండి బయటికి తీస్తూ నవ్వాడు.

"పదకొండు కొట్టనీవే అమ్మా. నీ భక్తురాలు వంటింట్లో గిన్నెలు నాకుతూ దొరుకుతుంది."

"నోర్ముయ్యరా. ఇంత వయసొచ్చింది, నువ్వు ఒక్కపూటన్నా కడుపు మాడ్చుకున్నావా?"

పదకొండు కొట్టింది. మధ్యాహ్నం అయింది. రెబెక్కా వంటింటి గుమ్మం తొక్కలేదు.

అంతకుముందు చాలా నెలలుగా మా ఇంట్లో అన్నం వేళంటే గొడవ వేళే. అది ముద్దని బుగ్గన దాచుకుని ఎంతసేపైనా అలాగే కూర్చునేది. నేను అరిచేదాన్ని. గారం చేసి చెడగొట్టానని అత్తగారు నన్ను అనేది. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఉపవాసం మొదలయ్యాక ఆ గొడవంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఇంట్లో గొడవ జరుగుతుంటే కారణం వెతుకుతాం గాని, గొడవ ఆగిపోతే ఎందుకు ఆగిందని ఎవరం వెతకం. ఆ వారం మేం నలుగురం ఒకరితో ఒకరం మెత్తగా మాట్లాడుకుంటూ బతికాం. నాకు మాత్రం లోపల ఎక్కడో తేడాగా ఉండేది. పిల్ల మొహంలో ఏదో సాధించిన సంతోషం లేదు. దేన్నించో తప్పించుకున్నవాళ్ళ మొహం అది.

తర్వాతి వారం శ్రమకాల కూడిక మా ఇంటి వంతు వచ్చింది. మా పేటలో శ్రమదినాలంతా సాయంత్రం పూట రోజుకో ఇంట్లో పాటలు, వాక్యం, ప్రార్థన ఉంటాయి. అయ్యాక వచ్చినవాళ్ళకి గుగ్గిళ్ళు, టీ ఇస్తారు. వసారా నిండిపోయి జనం వీధిలోకి చాపలు పరుచుకున్నారు. గుడి పాస్టరు శాంతికుమార్ గారిని మేమంతా అయ్యగారంటాం. ఆయన వాక్యం చెబుతూ మధ్యలో ఆగారు.

"మనం పెద్దవాళ్ళం టీ మానలేక ప్రార్థన మధ్యలో గడియారం చూసుకుంటాం. బుల్లిరాజు గారూ, మిమ్మల్నేనండీ."

"నేను టైము చూడలేదండి అయ్యగారూ, గడియారం ఆగిపోయిందేమోనని చూశా," అన్నాడు మా పక్కింటి బుల్లిరాజు. అందరూ నవ్వారు.

"ఈ చిన్నబిడ్డని చూడండి. ఎవరూ చెప్పకుండా ఉపవాసముంటోంది. రామ్మా రెబెక్కా."

అది లేచి వెళ్ళింది. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు దాని బుగ్గలు తాకి వేళ్ళు ముద్దుపెట్టుకున్నారు. రెబెక్కా పెదాలు విప్పకుండా నవ్వింది. ముందు రెండు పళ్ళూ వచ్చినప్పుడే ఇటుకరంగు మచ్చలతో వచ్చాయి. బళ్ళో పిల్లలు 'తుప్పుపళ్ళు' అని ఏడిపిస్తారు. అప్పటినుంచీ నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఈమధ్య చెయ్యి అవసరం లేకుండా మూసిన పెదాలతోనే నవ్వడం నేర్చుకుంది. ఆ నవ్వు దాని మొహానికి ఒక శాంతం తెచ్చిందని ఆ సాయంత్రం అందరూ అన్నారు.

గుగ్గిళ్ళు పంచాను. ఉపవాసం ముగిసినట్టే కదా. అది తన పొట్లాన్ని పక్కనున్న పిల్ల ఒళ్ళో పోసేయడం చూశాను. జనం వెళ్ళాక వంటింట్లో కూర్చోబెట్టి పాలన్నం పెట్టాను. నమలకుండా, మాత్రలు మింగినట్టు నాలుగు ముద్దలు మింగి లేచింది.

"పొద్దుట్నుంచీ ఏం తినలేదు కదే!"

"చాలమ్మా. ఏసయ్య నింపేశాడు."

"కడుపు నింపేది అన్నమేనే తల్లీ."

"అలా అనకూడదమ్మా," అంది. ఆ మాట దానిది కాదు. ఆ గొంతు కూడా దానిది కాదు.

మార్చి ఎండలు ముదిరాయి. గౌను భుజాల మీంచి జారిపోవడం మొదలైంది. బడి నుంచి టీచరు ఫోన్ చేసింది, క్లాసులో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతోందని. పేటలో మందులిచ్చే చంద్రరావు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కనురెప్ప కిందికి లాగి చూశాడు, నాలిక చాపమన్నాడు. అది నాలిక పట్టేంత మాత్రమే నోరు తెరిచింది. నులిపురుగుల మందు, టానిక్కు ఇచ్చాడు. ఎర్రగా తియ్యగా ఉండే ఆ టానిక్కు నాలిక మీద పడగానే అది కళ్ళు మూసుకునేది.

"బలవంతం చెయ్యకే," అనేది అత్తగారు. "ఏసయ్య బిడ్డని ఆయనే చూసుకుంటాడు."

"నా బిడ్డ కూడా కదా అత్తయ్యా."

"నీ బిడ్డే. కాదన్నానా? నువ్వు కన్నావు. అంతే."

రాత్రిళ్ళు దాన్ని తన పక్కనే పడుకోబెట్టుకునేది. పేరు పెట్టి ప్రార్థన చేసేది. అంతకుముందెప్పుడూ పిల్లని అంత దగ్గరికి తీసింది లేదు. ఆవిడ ప్రేమించలేని మనిషి కాదు. ప్రేమించడానికి ఆవిడకి ఒక కారణం కావాలి. ఆ కారణాన్ని రెబెక్కా ఇచ్చింది.

ఒక శనివారం మధ్యాహ్నం నా ఓపిక తెగిపోయింది. అత్తగారు గుళ్ళో ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు అన్నంలో కలిపి, పిల్లని గోడకి ఆనించి కూర్చోబెట్టాను.

"నోరు తెరువు."

"ఉపవాసమమ్మా."

"నేను మీ అమ్మని. తెరువు."

ఎడమచేత్తో బుగ్గలు నొక్కి ముద్ద లోపలికి తోశాను. మొండి పిల్లయితే ఉమ్మేస్తుంది, గోల చేస్తుంది, కొడుతుంది. రెబెక్కా ఏమీ చెయ్యలేదు. ఒళ్ళంతా చెక్కలా బిగుసుకుపోయింది. కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తూ ఉంది. నీళ్ళు వాటంతటవే కారాయి. చిన్న శబ్దం కూడా రాలేదు. చాలాసేపటికి ముద్ద మింగి, "అయిపోయిందా అమ్మా?" అంది.

నేను కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. కొళాయి తిప్పి, గిన్నెలు లేకపోయినా అలా నిలబడ్డాను. అంత నొప్పిని అంత నిశ్శబ్దంగా పట్టుకోవడం ఒక్కరోజులో రాదు. అది చాలాకాలం సాధన చేసి ఉండాలి. ఎవరూ లేని చోట. మా అందరి మధ్యా.

మర్నాడు ఆరాధన నుంచి వచ్చాక కిటికీలోంచి చూశాను. రెబెక్కా తన నీళ్ళ సీసాని ప్రహరీగోడ మీద ఎండలో పెట్టింది. కొబ్బరిమట్ట నీడ దాని మీదికి వస్తే సీసాని పక్కకి జరిపింది. కాసేపయ్యాక అరచేత్తో తాకి చూసింది, పాలు పట్టే ముందు తల్లులు చూసినట్టు. తర్వాత తల ఒక పక్కకి వాల్చి, మెల్లిగా తాగింది.

అప్పుడు ఒకదాని వెనక ఒకటి అన్నీ గుర్తొచ్చాయి. బండి మీద వెళ్ళేటప్పుడు అది వాళ్ళ నాన్న వీపుకి నోరు ఆనించుకుని కూర్చుంటుంది. ఆయన ఫ్యాక్టరీ నుంచి తువ్వాల్లో ఐసుముక్కలు తెస్తే వీధిలో పిల్లలంతా ఎగబడతారు, ఇది మాత్రం గుమ్మంలోనే నిలబడుతుంది.

ఈసారి బలవంతం చెయ్యలేదు. దాని ముందు కింద కూర్చుని ఫోన్ లైటు వేసి చేతికిచ్చాను.

"నా పళ్ళు చూడవే. ఎన్ని పాడైపోయాయో చెప్పు."

అది చాలా శ్రద్ధగా చూసింది. "ఒకటి నల్లగా ఉందమ్మా. ఇంకోటి అసలు లేదు."

"నీవి చూడనా? ముట్టుకోను."

తెరిచింది. వెనక వరసలో వచ్చిన పెద్దపళ్ళు నాలుగూ తడిసిన సుద్దముక్కల్లా ఉన్నాయి. పసుపు, గోధుమరంగు. అంచులు పొడిపొడిగా రాలిపోయాయి. ఇవి మొన్నమొన్న వచ్చిన పళ్ళు. పంచదార తిని పాడుచేసుకోవడానికి కూడా సమయం లేని పళ్ళు.

అత్తగారికి చెప్పాను. ఆవిడ సూది ఆపలేదు.

"సరిగ్గా తోముకోక. పేస్టు నాకి ఉమ్మేస్తుంది. నేను ఇన్నేళ్ళూ పిడకలు కాల్చిన కచికతోనే తోమాను. ఒక్క పన్ను కదిలిందేమో చూడు."

"దానికి కూడా మీరు కచికతో తోమారుగా అత్తయ్యా, వానాకాలంలో. పళ్ళు పచ్చగా ఉన్నాయని."

సూది ఆగింది.

"అప్పుడు ఒక్కరోజే ఏడ్చింది," అంది ఆవిడ. "తర్వాత ఏడవలేదు. అలవాటైందనుకున్నా."

సోమవారం భీమవరం వెళ్ళాం. పిల్లల పళ్ళ డాక్టరు హేమశ్రీ గారు చిన్న వయసావిడ. చూసి, చిన్నగా గాలి ఊదే గొట్టాన్ని పంటి దగ్గరికి తెచ్చింది. ముట్టుకోలేదు, గాలి మాత్రమే. రెబెక్కా కుర్చీలో ఎగిరిపడింది.

"ఇది పుచ్చు కాదమ్మా. పంటి మీద గట్టిగా ఉండాల్సిన పింగాణీ పొర సరిగ్గా తయారవలేదు. పసితనంలో, పన్ను ఇంకా చిగురు లోపల ఉండగానే అలా అయిపోతుంది. జ్వరాలొచ్చిన పిల్లల్లో ఎక్కువ చూస్తాం. కచ్చితంగా ఎందుకో మాకూ తెలీదు. మీ తప్పేం లేదు, పాప తప్పు అసలే లేదు. కానీ చల్లనీళ్ళు, గాలి, బ్రష్షు, ఏది తగిలినా జివ్వుమంటుంది. అన్నం నమలడం కూడా."

"ఇన్నాళ్ళూ ఒక్కసారి చెప్పలేదండి."

"పళ్ళు వచ్చినప్పటినుంచీ అంతే అయితే, పళ్ళంటే ఇలాగే ఉంటాయేమో అందరికీ అనుకుంటారు కొంతమంది పిల్లలు."

మీ తప్పేం లేదన్న మాట నాకు ఓదార్పు ఇవ్వలేదు. తప్పుంటే దాన్ని పట్టుకుని నిలబడొచ్చు. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. ఆగి, మళ్ళీ ఇచ్చారు. "పాప చేతులు పట్టుకోండమ్మా," అన్నారు. పట్టుకున్నాను. మిషను పంటికి తగలగానే, నెలల తరబడి నోరు విప్పని పిల్ల అరిచింది. బయట వరసలో కూర్చున్న పిల్లలు ఏడుపు అందుకున్నారు. డాక్టరు వెంటనే ఆపేసి, మాస్కు కిందికి లాగింది. ఆవిడ కళ్ళు కూడా తడిగా ఉన్నాయి.

"సారీ అమ్మా. ఇలాంటి పళ్ళకి మత్తు సరిగ్గా ఎక్కదు ఒక్కోసారి. ఇవాళ వద్దు."

నేను ఇంకా దాని చేతులు వదల్లేదు. ఆపేశారని నా బుర్రకి తెలిసినా చేతులకి తెలియలేదు. రెబెక్కా డాక్టరుని చూడలేదు, మిషన్ని చూడలేదు. నా చేతుల్ని చూసింది.

తిరుగు ప్రయాణంలో అది నా పక్కన కూర్చోలేదు. కిటికీ పక్క సీటులో ఒక్కతే కూర్చుని చున్నీ నోటికి చుట్టుకుంది. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. నేను గదిలోకి వెళితే లేచి నానమ్మ దగ్గరికి వెళ్ళేది. ఒకరోజు ఆయన తెచ్చిన ఐసుముక్కని నా పాడైన పంటి కింద పెట్టుకుని కొరికాను. దాని నోట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలని. జివ్వుమంది. తర్వాత కరిగిపోయింది. నా నొప్పి కరిగిపోయింది కాబట్టి నాకేమీ తెలియలేదు.

మళ్ళీ భీమవరం వెళ్ళడానికి ఆయన సెలవు పెట్టాడు. ఈసారి హేమశ్రీ గారు మిషను ముట్టుకోలేదు. గీకకుండా, ఇంజెక్షన్ లేకుండా, కుడివైపు కింది పంటి మీద స్టీలు తొడుగు ఒకటి అతికించింది. పైపంటికి మందు పూత వేసింది. "ఎడమవైపు ఈస్టరు తర్వాత చేద్దాం. ఒకేసారి వద్దు, భయపడిపోయి ఉంది. ఇవాళ్టినుంచి కుడిపక్కన హాయిగా తినొచ్చు. తినాలి కూడా. ఈ బరువు నాకు నచ్చలేదు. ఇంకా తగ్గితే ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తుంది."

నేను ఆ సాయంత్రం మెత్తగా ముద్దపప్పు, వేడన్నం, నెయ్యి కలిపాను. కుడిపక్కన పెట్టుకోమన్నాను. అది పెట్టుకుంది. నమిలింది. దాని మొహం మారడం చూశాను, కొత్త గదిలోకి అడుగుపెట్టినట్టు. నొప్పి లేదని దానికి అర్థమైంది. నాకు ఊపిరి వచ్చింది.

పొద్దున్నే పళ్ళెం మళ్ళీ నా వైపు తోసింది.

"ఉపవాసం."

"నొప్పి లేదు కదమ్మా ఇప్పుడు?"

"నొప్పికి కాదు. ఉపవాసం."

సాయంత్రం కూడా రెండు ముద్దలే. మూడో నాడు కూడా అంతే. ఎత్తుకుంటే నడుం దగ్గర ఎముకలు తగులుతున్నాయి. బతిమాలాను, కథలు చెప్పాను, కూర్చుని ఏడ్చాను. చివరికి ఒకసారి స్నానం చేయిస్తుంటే, నా మొహం చూడనక్కర్లేకుండా వీపు నా వైపు ఉన్నప్పుడు చెప్పింది.

"తింటే నానమ్మ నన్ను పక్కన పడుకోనివ్వదు."

"ఎవరన్నారే?"

"అంతకుముందు పడుకోనివ్వలేదుగా."

నొప్పి దాన్ని ఒక గదిలోకి తోసింది. మేమంతా కలిసి ఆ గదిని అలంకరించాం. ఇప్పుడు నొప్పి తలుపు తీసినా అది బయటికి రాదు.

అయ్యగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం నాడు అందరి ముందూ రెబెక్కాని పిలిచి, "చిన్నపిల్లలు ఉపవాసం ఉండక్కర్లేదు తల్లీ, దేవుడు అడగడు," అన్నారు. అది తల ఊపింది. ఇంటికొచ్చి, "అయ్యగారు నన్ను పరీక్ష చేస్తున్నారు కదా నానమ్మా?" అంది. అత్తగారు నా వైపు చూసింది.

"మీరు చెప్పండి అత్తయ్యా. మీరు చెబితేనే వింటుంది."

"దేవుడికిచ్చిన మాట తీసేసుకోమని నా నోటితో ఎలా చెప్పనే? నా వల్ల కాదు."

"అయితే దాన్ని పూడ్చుకుందాం."



మంచి శుక్రవారం నాడు మా గుళ్ళో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద ఏసయ్య పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఆడవాళ్ళంతా తెల్లచీరల్లో ఉన్నారు. ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. ఆ రోజు అత్తగారు ఉమ్మి కూడా మింగదంటారు. మా ఆయన కడుపులో ఉన్నప్పుడు కూడా నీళ్ళు ముట్టలేదని ఆవిడే గర్వంగా చెబుతుంది. రెబెక్కా తెల్లగౌనుతో ఆవిడ పక్కన చాప మీద కూర్చుంది. వెనక వరసలోంచి దాని మెడ నాకు కనబడుతోంది. అంత సన్నటి మెడ తలని ఎలా మోస్తోందో అని చూస్తూ ఉన్నాను. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. ప్రార్థన చెయ్యడానికి ప్రయత్నించాను. ఎవరిని అడగాలో తెలిసింది గాని, ఏమని అడగాలో తెలియలేదు.

మూడో మాట నడుస్తుండగా పిల్ల మెల్లిగా పక్కకి ఒరిగి ఆవిడ ఒళ్ళోకి జారింది. స్పృహ తప్పలేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. కూర్చునే ఓపిక లేదు, అంతే. అత్తగారు దాన్ని చంకల కింద పట్టుకుని లేపబోయింది. పిల్ల అనుకున్నదానికంటే తేలిగ్గా పైకి వచ్చేసింది. ఆవిడ వెనక్కి తూలింది. అలా పట్టుకునే కాసేపు ఉండిపోయింది. తర్వాత చీర కొంగు సర్దుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, నిండుగా ఉన్న గుడిలో జనం మధ్య నుంచి నడిచి బయటికి వెళ్ళింది. అయ్యగారు ఒక క్షణం చూసి తల దించుకున్నారు. నేను చెప్పులు వేసుకోకుండానే వెనక పరుగెత్తాను.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. పిల్ల కోసం నేను పొద్దున వండి మూతపెట్టిన అన్నం గిన్నె ముందుంది. పప్పు వేడి చేసి ఇచ్చాను. ఆవిడ అన్నంలో పప్పు కలిపింది. ముద్ద చేసింది.

ఆ ముద్ద పిల్లకి పెట్టలేదు. తను నోట్లో పెట్టుకుంది.

"నానమ్మా!" అంది రెబెక్కా. దాని గొంతులో భయం. "ఇవాళ మంచి శుక్రవారం!"

"తెలుసే."

"నువ్వు తినకూడదు!"

"ఆకలేసింది." ఆవిడ నమిలి మింగింది. గుళ్ళో మైకులోంచి పాట వినిపిస్తోంది. ఆవిడ ఇంకో ముద్ద తీసుకుంది. "రాత్రి నువ్వు నా పక్కనే పడుకుంటావు. రేపు కూడా. తిన్నా సరే, తినకపోయినా సరే. అర్థమైందా?"

రెబెక్కా ఆవిడ మొహం చూస్తూ నిలబడింది. చాలాసేపు చూసింది. పరీక్షో కాదో తేల్చుకుంటున్నట్టు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చేతిలోని ముద్దకి నోరు అందించింది.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. కదిలితే ఏదో చెడిపోతుందనిపించింది. ఒక ముద్ద. ఇంకోటి. కుడివైపున నములుతోంది. అంతలో మెతుకులు ఎడమవైపు వెళ్ళాయి కాబోలు, దవడ ఆగిపోయింది. భుజాలు బిగుసుకున్నాయి. కాలివేళ్ళు ముడుచుకోవడం చూశాను. ఇక మింగేసి నోరు మూసేసుకుంటుంది అనుకున్నాను.

"నానమ్మా."

"ఏంటమ్మా?"

"ఈ పక్కన నెప్పి."

ఆవిడ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "ఏ పక్కనే?"

"ఇక్కడ. వెనక. ఎప్పుడూ నెప్పే. చాలా నెప్పి."

అంటూనే గట్టిగా ఏడుపు మొదలుపెట్టింది, వీధిలో వినపడేలా, నోటి నిండా అన్నంతో. అత్తగారు వేలు ఎత్తబోయి ఆగింది. ఆ ఎంగిలి చెయ్యి వీపు వెనక్కి పెట్టేసుకుంది.

"ముట్టుకోనులే అమ్మా," అంది. "చూపించు."

రెబెక్కా ఏడుస్తూనే వెలుతురు వైపు తిరిగి, ఎంత తెరవగలదో అంత నోరు తెరిచింది.